వాగుకు జాలి కడితే మైక్రోప్లాస్టిక్ ఆగుతుందా?

ప్రశ్న: చండూరు దగ్గర మాదొక చిన్న ఊరు. యూత్ అసోసియేషన్ తరఫున నెల రోజులుగా ప్రతి ఆదివారం చెరువు కట్ట మీద, శిఖంలో (చెరువు లోపలి నేలలో) కవర్లు, బాటిళ్లు ఏరుతున్నాం. మొన్న బడి టీచర్ గారొకరు చూసి, "మీరు తీసేది కంటికి కనిపించేదే, అసలు సమస్య కనిపించని మైక్రోప్లాస్టిక్" అన్నారు. అప్పటి నుంచి సగం మంది రావడం మానేశారు. చెరువులోకి నీళ్లొచ్చే వాగు దగ్గర సన్న జాలి కడితే అది ఆగుతుందా? ఇంత ప్లాస్టిక్ ఎక్కడి నుంచి వస్తోంది? తాగే నీళ్ల సంగతేమిటి?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ మానేసిన వాళ్లను మళ్లీ పిలవండి. టీచర్ గారు చెప్పింది నిజమే, కానీ సగం నిజం. కనిపించని ఆ పొడిలో చాలా భాగం ఒకప్పుడు కనిపించిన వస్తువే. మీరు ఏరిన ప్రతి కవరూ పొడి కాకముందు మీ చేతికి దొరికిన కవరు. పొడి అయ్యాక దాన్ని పట్టుకునే యంత్రం మీ ఊళ్లో కాదు, నాకు తెలిసి ఏ దేశంలోనూ చెరువంత పెద్ద ఎత్తున పనిచేయడం లేదు. నేను ఇరవై రెండేళ్లు మున్సిపాలిటీల శానిటేషన్ పనిలో ఉన్నాను, నల్గొండ వైపు కొన్నాళ్లు, పాలమూరు వైపు కొన్నాళ్లు. ఇప్పుడు పంచాయతీల సెగ్రిగేషన్ షెడ్లు, అంటే చెత్త వేరు చేసే షెడ్లు, సరిగా నడిచేలా చూడడంలో సాయం చేస్తున్నాను. ఆ అనుభవంతో, చదివినదానితో కలిపి చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పెసరగింజంత, అంటే 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కను మైక్రోప్లాస్టిక్ అంటారు. బ్రిటన్‌లోని ప్లిమత్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ థాంప్సన్, ఆయన తోటివాళ్లు 2004లో రాసిన పరిశోధన పత్రంతో ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. అంతకన్నా చిన్నవాటికి నానోప్లాస్టిక్ అని పేరు. ఇప్పుడొక లెక్క చూడండి. అడుగు వెడల్పు, అడుగుంపావు పొడవు ఉన్న మామూలు కిరాణా కవరును రెండు వైపులా విప్పి పరిస్తే దాదాపు 2 లక్షల 30 వేల చదరపు మిల్లీమీటర్లు. అది మిల్లీమీటరు ముక్కలుగా చిట్లితే అన్ని ముక్కలు. ఒక్కో ముక్క మళ్లీ అందులో పదో వంతు కొలతకు చిట్లితే 2 కోట్ల 30 లక్షలు. కవరును వంగి తీయడానికి రెండు సెకన్లు పడుతుంది. అదే రేపు 2 కోట్ల ముక్కలైతే ఎవరు తీయగలరు?

చిట్లించేది ముఖ్యంగా ఎండ. ఎండలోని అతినీల కిరణాలు ప్లాస్టిక్ లోపలి పొడుగాటి అణుగొలుసులను తెంపుతాయి, గాలిలోని ఆక్సిజన్ దానికి తోడవుతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ పని జోరందుకుంటుంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. అదే కవరు చెరువు అడుగున బురదలో ఉంటే ఎండా వేడీ తగలక చాలా ఏళ్లు అలాగే పడి ఉంటుంది. కట్ట మీద, శిఖంలో, రోడ్డు పక్కన పడితేనే తొందరగా పొడి అవుతుంది. కాబట్టి ఎండాకాలంలో మీరు మొదట ఏరాల్సింది నీళ్లలోది కాదు, ఎండలో ఉన్నది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. పదేళ్ల కింద ఒక మున్సిపాలిటీలో పనిచేస్తున్నప్పుడు, స్క్రాప్ షాపు వాళ్లు కొనని కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు విడిగా తీయించి షెడ్డు వెనక కుప్ప పెట్టించాను. లారీ నిండితేనే కాల్చడానికి సిమెంటు ఫ్యాక్టరీకి పంపగలం. ఫిబ్రవరిలో రావాల్సిన లారీ జూన్‌లో వచ్చింది. షెడ్డులో జాగా లేదని కుప్పను ఎండలో వదిలేసింది నేనే. జూన్ మొదటి వారం ఎత్తబోతే మా వర్కర్ చేతిలో కవరు అప్పడంలా విరిగింది. గంపలోకి ఎత్తితే కింద తెలుపూ నీలం రంగు పొట్టు రాలింది, వడ్లు తూర్పారబడితే పొట్టు లేచినట్టు. ఆమె ఒక నిమిషం చూసి, "సార్, ఇది ఎత్తితే వచ్చేది కాదు, ఊడ్వాలె" అంది. ఊడ్చాం. ఊడ్చేకొద్దీ మట్టిలో కలిసింది. మూడో రోజు పెద్ద వాన. షెడ్డు వెనక నుంచి నాలాలోకి, నాలా నుంచి కుంటలోకి. మూడు నెలలు నలుగురు మనుషులు ముక్కుకు గుడ్డ కట్టుకుని వేరు చేసిన కుప్పలో సగానికి పైగా నా కళ్ల ముందే కుంటకు చేరింది. వేరు చేయడంతో పని అయిపోయిందనుకున్నాను. నీడలో పెట్టడం కూడా ఆ పనిలో భాగమేనని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు మీ జాలి సంగతి. సముద్రాల మీద, నదుల మీద పరిశోధన చేసేవాళ్లు నీటి పైపొర నుంచి నమూనా తీయడానికి వాడే వల కన్ను దాదాపు 300 మైక్రాన్లు ఉంటుంది. దానిలోంచే సన్న దారాలు, చిన్న ముక్కలు జారిపోతాయి. అంత సన్న జాలిని తొలకరికి పొంగే వాగుకు అడ్డం కడితే పది నిమిషాల్లో ఆకులు, మట్టి, గడ్డి పట్టి మూసుకుపోతుంది. తర్వాత నీళ్లు జాలినైనా చింపుతాయి, లేకపోతే పక్క గట్టునైనా కోస్తాయి. సన్న జాలి కట్టకండి. పెద్ద ముక్కల కోసం కట్టే జాలి వేరు, దాని గురించి చివర చెబుతాను.

ఎక్కడి నుంచి వస్తుందని అడిగారు. ప్రపంచం లెక్క ముందు చెప్పి మన ఊళ్లకు వస్తాను. 2015 దాకా మనుషులు తయారు చేసిన ప్లాస్టిక్ మొత్తం దాదాపు 830 కోట్ల టన్నులని 2017లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్తగా మారింది. ఆ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చింది 12 శాతం, మిగతా 79 శాతం డంపింగ్ యార్డుల్లోనో బయటో పడి ఉంది. మొదటి నుంచే చిన్నగా ఉండి సముద్రానికి చేరే మైక్రోప్లాస్టిక్ మీద ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ అదే ఏడు ఇచ్చిన అంచనాలో 35 శాతం సింథటిక్ బట్టలు ఉతికితే రాలే దారాలు, 28 శాతం బండ్ల టైర్ల అరుగుదల. ఫేస్‌వాష్‌లో వేసే పూసల గురించి ఎంతో గొడవ జరిగింది కానీ అలాంటి సౌందర్య సాధనాల వాటా 2 శాతమే. అంటే చెత్త వేసే అలవాటు లేనివాళ్లు కూడా, బండి నడిపితే చాలు, బట్ట ఉతికితే చాలు, దీనికి ఎంతో కొంత కారణమవుతున్నారు.

టైర్ల సంగతి మన దగ్గర చిన్నది కాదు. చౌటుప్పల్, నార్కెట్‌పల్లి, సూర్యాపేట మీదుగా పోయే 65 నంబర్ హైవే, జడ్చర్ల, కొత్తకోట మీదుగా పోయే 44 నంబర్ హైవే పక్కన పొలాలున్న రైతులకు రోడ్డంచున పేరుకునే నల్లటి దుమ్ము తెలుసు. అందులో టైరు రబ్బరు ఉంటుంది. మొదటి వానకు అది పక్క కాలువలోకి పోతుంది. ఇప్పటికైతే దీన్ని ఆపే దారి లేదు. బండ్లు తగ్గాలి, లేదా టైరు తయారీ మారాలి. మీరూ నేనూ చేయగలిగింది తక్కువ కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను.

బట్టల దగ్గర కొంచెం ఆగుదాం. 6 కిలోల అక్రిలిక్ బట్టలు ఒక్కసారి మెషిన్‌లో ఉతికితే 7 లక్షలకు పైగా దారపు పోగులు రాలగలవని 2016లో ప్లిమత్‌లోనే కొలిచారు. పాలిస్టర్‌కు దాదాపు 5 లక్షలు. పాలిస్టర్, పత్తి కలిసిన బట్టకు లక్షన్నర లోపు. నారాయణపేట, పోచంపల్లి నేత పుట్టిన నేలలోనే ఇవాళ నాట్లకు, కలుపుకు పోయే ఆడవాళ్లు కట్టేది పాలిస్టర్ చీర. అది చవక, తొందరగా ఆరుతుంది. వాళ్లను తప్పు పట్టలేం. నూలు చీర అదే ధరకు దొరికే రోజు రావాలి. మీరు ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. మెషిన్ నిండా బట్టలు వేసి, చల్లటి నీళ్లతో, తక్కువసేపు తిప్పండి, రాలేది తగ్గుతుంది.

మన ప్రాంతంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ బెంగ కలిగించేది చేను. ఊరి చెత్తకు ట్రాక్టర్ వస్తుంది, చేనుకు రాదు. మల్చింగ్ షీట్ తీసుకోండి. పుచ్చ, మిర్చి, టమాట వేసేవాళ్లు 25, 30 మైక్రాన్ల షీట్ పరుస్తారు. మంచిదే, నీళ్లు ఆదా, కలుపు రాదు. పంట అయిపోయాక చూడాలి దాని గతి. మొన్న చైత్రంలో మా బంధువుల పుచ్చతోటలో నేనే లాగి చూశాను. బోదె పైన ఎండ తగిలిన చోట షీట్ పట్టుకుంటే గుప్పెడు చేతికొచ్చింది, మిగతాది అక్కడే చిరిగింది. మట్టి కప్పిన అంచులు మాత్రం గట్టిగా ఉన్నాయి, కానీ వాటిని లాగాలంటే పారతో మట్టి తీయాలి. ఎకరం తీయడానికి ఇద్దరు కూలీలకు రెండు రోజులు పడుతుంది. షీట్‌ను కొనేవాడు లేడు, మట్టి అంటిందని స్క్రాప్ వాళ్లు కూడా తీసుకోరు. రైతు ఏం చేస్తాడు? పైపైన లాగి గట్టున తగలబెడతాడు, మిగిలినది రోటవేటర్ కింద ముక్కలవుతుంది. రోటవేటర్ ఒక్కసారి తిరిగితే ఎండ నెలల తరబడి చేసే పని గంటలో అయిపోతుంది. తర్వాత ఆ నేల నుంచి దాన్ని ఏరడం ఎవరి వల్లా కాదు.

మల్చింగ్ ఒక్కటే కాదు. బత్తాయి తోటల్లో ఎలుకలు కొరికిన డ్రిప్ పైపు ముక్కలు, కూరగాయల నర్సరీల మీద పేలికలైన గ్రీన్ మ్యాట్, వడ్లు కొనే ఐకేపీ కేంద్రాల్లో కుప్పల మీద కప్పి రెండు సీజన్లకే పొరలు లేచిపోయే టార్పాలిన్ పట్టాలు, ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఇక యూరియా సంచి. ఖాళీ సంచిని గోడ మీద ఆరేసి ఏడాది తర్వాత ముట్టుకోండి, తెల్లటి పోగులు వేళ్లకు అంటుకుంటాయి. అదే సంచిని నడుముకు కట్టుకుని పత్తి ఏరితే ఆ పోగులు పత్తిలో కలిసి జిన్నింగ్ మిల్లు దాకా పోతాయి. మన దేశపు పత్తిలో ఇలాంటి ప్లాస్టిక్ పోగులున్నాయని స్పిన్నింగ్ మిల్లుల వాళ్లు ఎంతో కాలంగా మొత్తుకుంటున్నారు. పత్తి ఏరడానికి నూలు గుడ్డ ఒడి కట్టుకుంటే చేనుకూ మంచిది, సరుకుకూ మంచిది.

చెరువు మట్టి గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ అనే చెరువుల బాగుచేత పథకంలో పూడిక తీసి ఆ మట్టిని పొలాలకు తోలారు. మన ఎర్ర చెలకలకు చెరువు మట్టి బలం, అందులో అనుమానం లేదు. కానీ ఊరి మురుగు, ఊరి కవర్లు చేరే చెరువులో పూడిక తీస్తే ఆ కవర్లు కూడా ట్రాక్టర్‌లో చేనుకు పోతాయి. మీ చెరువు మట్టిలో ఎంత ఉందో చూడాలనుకుంటే ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. లీటరు నీళ్లలో 350 గ్రాముల కల్లుప్పు వేసి కరిగేదాకా కలపండి. ఆ నీళ్లు మామూలు నీళ్ల కన్నా బరువెక్కుతాయి. గాజు సీసాలో ఆ నీళ్లు పోసి, ఎండబెట్టిన చెరువు మట్టి గుప్పెడు వేసి, బాగా కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నే పైన తేలినదాన్ని తెల్ల నూలు గుడ్డ మీద వడకట్టి ఎండలో పెట్టి భూతద్దంతో చూడండి. గడ్డి, వేళ్లు, పురుగు రెక్కలు కూడా తేలతాయి. అనుమానం ఉన్న ముక్కకు ఎర్రగా కాల్చిన సూది తాకించండి. ప్లాస్టిక్ అయితే ముడుచుకుని కరుగుతుంది, గడ్డి అయితే మాడుతుంది. ల్యాబుల్లో మొదటి మెట్టు కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. కానీ ఈ పరీక్షకు దొరికేది కవర్లు, సంచుల రకం ప్లాస్టికే. వాటర్ బాటిల్ ప్లాస్టిక్, పైపులకు వాడే పీవీసీ, పాలిస్టర్ దారం ఉప్పు నీళ్ల కన్నా బరువు, అవి అడుగునే ఉంటాయి. వాటి కోసం జింక్ క్లోరైడ్ లాంటి బరువైన ద్రావణం కావాలి, అది ల్యాబుల పని. ఏ ముక్క ఏ ప్లాస్టిక్కో తేల్చడానికి మళ్లీ వేరే పరికరాలు కావాలి. అవి కూడా ఒక కొలతకు దిగువ ఉన్న ముక్కలను గుర్తుపట్టలేవు. పరీక్ష చేసే మనిషి చొక్కా దారం పడ్డా లెక్క తప్పుతుంది, అందుకే నూలు కోటు వేసుకుంటారు. సరిగా లెక్కపెట్టడానికే ఇంత కష్టపడాల్సిన వస్తువును ఆపడం ఇంకెంత కష్టమో ఊహించండి.

మురుగు శుద్ధి ప్లాంట్లు ఆపుతాయి కదా అంటారు. ఆపుతాయి. బాగా నడిచే ప్లాంటు నీళ్లలోంచి 90 శాతానికి పైగా మైక్రోప్లాస్టిక్ తీసేస్తుంది. కానీ తీసినది మాయమైపోదు, అడుగున మిగిలే బురదలోకి చేరుతుంది. ఆ బురద ఎరువుగా చేనుకు వెళ్తే మళ్లీ మొదటికే. తప్పించుకున్న కొద్ది శాతం కూడా రోజుకు కోట్ల లీటర్ల నీళ్లలో చిన్నదేమీ కాదు. హైదరాబాద్‌లో అంబర్‌పేట, నాగోల్ లాంటి చోట్ల పెద్ద ప్లాంట్లున్నాయి, అయినా మూసీ ఎలా ఉందో బునాదిగాని కాల్వ, పిల్లాయిపల్లి కాల్వ కింద వరి వేసేవాళ్లను అడగండి. దీంట్లో ఒక విషయం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. నాగార్జునసాగర్ నుంచి ఎత్తిన కృష్ణ నీళ్లు మన నల్గొండ జిల్లాలోని అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగానే హైదరాబాద్‌కు తాగడానికి వెళ్తాయి. అక్కడ ఇళ్లలో బట్టలు ఉతికి, గిన్నెలు కడిగి, మురుగై మూసీలో కలిసి మళ్లీ మన పొలాలకే వస్తాయి. సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు దాటి వాడపల్లి దగ్గర తిరిగి కృష్ణలో కలుస్తాయి.

కాల్చడం గురించి ఒక్క మాట. పొద్దున్నే ఊడ్చి కుప్ప చేసి అగ్గి పెట్టడం మన ఊళ్లలో అలవాటు. కుప్ప మంటలో ప్లాస్టిక్ పూర్తిగా కాలదు. సగం కాలిన ముద్దలు, మసి మిగులుతాయి, పీవీసీ ఉంటే డయాక్సిన్ లాంటి విషాలు గాలిలోకి లేస్తాయి. సిమెంటు బట్టీలో వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది కాబట్టి అక్కడ పూర్తిగా కాలుతుంది. హుజూర్‌నగర్, మేళ్లచెర్వు వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి ఈ విషయంలో మన జిల్లాలకు దూరాభారం తక్కువ. స్క్రాప్‌లో అమ్ముడుపోని ప్యాకెట్లు, కవర్లను బేళ్లు కట్టి అటు పంపే ఏర్పాటు మండల స్థాయిలో నాలుగైదు పంచాయతీలు కలిస్తే తప్ప కాదు. ఒక్క ఊరి చెత్తతో లారీ నిండదు, నా కుప్పకు పట్టిన గతే పడుతుంది.

చట్టాలు లేవని కాదు. గుట్కాను ప్లాస్టిక్ పొట్లంలో అమ్మకూడదని 2011 నుంచే ఉంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి నిషేధం. కవరు మందం 2022 డిసెంబర్ 31 నుంచి కనీసం 120 మైక్రాన్లు ఉండాలి. మందం ఎందుకంటే, పలచటి కవరు కిలో కావాలంటే వందల కొద్దీ ఏరాలి, ఏరేవాళ్లకు గిట్టదు. మందంగా ఉంటే కొంతైనా ఏరతారు. మీ ఊరి వైన్స్ వెనక జాగాలో ఒకసారి చూడండి, వాటర్ ప్యాకెట్లు, డిస్పోజల్ గ్లాసులు ఎన్ని ఉన్నాయో. చట్టం అక్కడి దాకా చేరలేదు. ప్రపంచ స్థాయిలో కూడా అంతే. ప్లాస్టిక్ ఒప్పందం కోసం 2022లో దేశాలన్నీ నైరోబీలో తీర్మానం చేసుకున్నాయి. 2024 చివర దక్షిణ కొరియాలోని బుసాన్‌లో కుదరలేదు, 2025 ఆగస్టులో జెనీవాలోనూ కుదరలేదు. తయారీనే తగ్గించాలని కొందరు, చెత్తను మాత్రం చూసుకుందామని కొందరు. తయారీ తగ్గకుండా చెత్త తగ్గదని ముప్పై మంది వర్కర్లతో పని చేయించిన మనిషిగా నేను నమ్ముతున్నాను.

బట్ట సంచి అని పంచే మెత్తటి రంగు సంచుల దగ్గర జాగ్రత్త. ఫంక్షన్లలో, బట్టల షాపుల్లో ఇచ్చే ఆ సంచుల్లో చాలావరకు బట్ట కాదు, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. నిజమైన బట్టలో నిలువు, అడ్డం పోగులు కనిపిస్తాయి. దీనిలో నేత ఉండదు, చిన్న చుక్కల అచ్చు ఉంటుంది. అంచుకు అగ్గిపుల్ల చూపిస్తే కరిగి ముద్దవుతుంది. ఇది మామూలు కవరు కన్నా తొందరగా నూగు రాలుస్తుంది. అలాగే "మట్టిలో కలిసిపోతుంది" అని రాసిన కవరును చూసి మోసపోకండి. నిజంగా కంపోస్ట్ అయ్యే రకానికి కూడా 58 డిగ్రీల దగ్గర వేడి ఉండే కంపోస్ట్ ప్లాంటు కావాలి, చెరువులో పడితే అది కూడా కవరే. ఇంకో రకం, రసాయనం కలిపి తొందరగా చిట్లేలా చేసినది, తొందరగా పొడి కావడం తప్ప చేసే మేలేమీ లేదు. యూరప్‌లో ఆ రకాన్ని 2021 నుంచి అమ్మనివ్వడం లేదు.

తాగే నీళ్ల గురించి అడిగారు కాబట్టి నిదానంగా చెబుతాను, టెన్షన్ పడొద్దు. 2024 జనవరిలో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు అమెరికాలో అమ్మే మూడు బ్రాండ్ల బాటిల్ నీళ్లలో లీటరుకు సగటున 2 లక్షల 40 వేల ప్లాస్టిక్ కణాలు లెక్కగట్టారు, వాటిలో 90 శాతం నానో సైజువి. అదే ఏడు మార్చిలో ఇటలీ డాక్టర్లు మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వును పరీక్షిస్తే, ప్లాస్టిక్ కనిపించిన రోగులకు తర్వాతి మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం లేదా మరణం ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా ఉంది. ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని ఆ అధ్యయనం తేల్చలేదు, రెండూ కలిసి కనిపించాయి. జాగ్రత్త పడడానికి అది చాలు, భయపడడానికి చాలదు.

కానీ మీది చండూరు ప్రాంతం, పక్కనే మర్రిగూడ, నాంపల్లి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మీ ఊళ్లో నడుం వంగిన పెద్దవాళ్లే సాక్ష్యం. మైక్రోప్లాస్టిక్ భయంతో ఫిల్టర్ నీళ్లు, నల్లాకు వచ్చే మిషన్ భగీరథ నీళ్లు మాని బోరు నీళ్లకు పోవద్దు. రెండింటిలో రుజువైన ప్రమాదం ఫ్లోరైడ్. ఆర్‌ఓ మిషన్ పొర మైక్రోప్లాస్టిక్‌ను కూడా చాలావరకు ఆపుతుంది, తర్వాత క్యాన్‌లోంచి కొత్తగా కలిసేదే ఎక్కువ. క్యాన్‌ను ఎండలో ఉంచకండి, గీతలు పడి తెల్లబారిన పాత క్యాన్ తీసుకోకండి, ఇంట్లో స్టీలు బిందెలోకి వంచుకోండి. చైనాలో 2024లో చేసిన ఒక పరీక్షలో సున్నం ఎక్కువున్న నీళ్లను కాచి చల్లార్చి వడకడితే మైక్రోప్లాస్టిక్ 90 శాతం దాకా తగ్గింది, కాచినప్పుడు గిన్నెకు పట్టే తెల్లటి పొరలో అది చిక్కుకుంటుంది. ఇది ప్లాస్టిక్‌కు మాత్రమే. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కనవుతుంది. బోరు నీళ్లు కాచుకుని తాగితే చాలని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంకొకటి, వేడి చాయ్ కవర్లో పార్సిల్ తేవడం మానండి. పేపర్ కప్పు లోపల కూడా ప్లాస్టిక్ పూత ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పావుగంట ఉంచితే 25 వేల దాకా ముక్కలు వదిలిందని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు చూశారు. పొలానికి చాయ్ పట్టుకెళ్లడానికి స్టీలు క్యాన్ ఉంటే చాలు.

ఇక మీ పనికి వద్దాం. మృగశిర లోపల, వాగు పారకముందే, మీ ఆదివారాలను కట్ట మీద నుంచి వాగు పైకి మార్చండి. చెరువుకు వచ్చేదాంట్లో ఎక్కువ భాగం అటు నుంచే వస్తుంది. ఎండకు పెళుసెక్కినదాన్ని ముందు తీయండి, లాగకండి, కింద చేయి పెట్టి ఎత్తండి. మల్చింగ్ వేసిన రైతుల లిస్టు రాసుకోండి. షీట్‌ను రోటవేటర్‌కు ముందు, రెండో పంట వేయకముందు తీస్తే కనీసం పెద్ద ముక్కలుగానైనా వస్తుంది. మీ అసోసియేషన్ పది మంది ఒక రోజు ఆ చేలో పనిచేస్తే చెరువులో నెల రోజులు ఏరినదానికన్నా ఎక్కువ ఆపినట్టు. సర్పంచ్‌తో మాట్లాడి ఆ షీట్లు పెట్టడానికి షెడ్డులో ఒక మూల అడగండి.

వాగుకు కట్టే జాలి ఇనుముది కావాలి, అంగుళం, అంగుళంన్నర కన్ను ఉండాలి. నైలాన్ వల వాడితే అదే రేపు పోగులవుతుంది. వాగు మొత్తానికి అడ్డం కట్టకండి. ప్రవాహానికి ఏటవాలుగా, ఒక పక్కకు తోసేలా పెట్టి, రెండో పక్క నీళ్లకు దారి వదలండి. పెద్ద వరద వస్తే పైనుంచి దూకి పోయేలా మోకాలి ఎత్తు మించనివ్వకండి. చెరువు నీళ్లు చూసే నీరటి కాకాను అడగకుండా చోటు ఖాయం చేయొద్దు, ఏ గట్టు కోస్తుందో ఆయనకు తెలిసినంత ఇంజనీరుకు కూడా తెలియదు. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే ఇద్దరు పోయి జాలికి పట్టిన కవర్లు తీయాలి. తడిగా ఉన్నప్పుడే సంచిలో కట్టి, ఎండ తగలకముందే షెడ్డులోకి చేర్చాలి.